రింగు లైటు వెలుగులో రోల్డుగోల్డు

బందరులో పుట్టి, బందరులోనే స్టూడియో పెట్టి, సగం జీవితం చిలకలపూడి రోల్డుగోల్డు నగలకు ఫోటోలు తీసి బతికినవాణ్ణి. అలాంటి నాకు మా ఇంట్లో, మా కోడలి ముందు, నగను ఫోటో ఎలా తియ్యాలో చెప్పే హక్కు లేకుండా పోయింది. "మామయ్యగారూ, ఇప్పుడవన్నీ ఫోనే చూసుకుంటుందండీ" అంటుంది. ఫోనే చూసుకుంటే నిన్న పెట్టిన కాసులపేరులో లక్ష్మీదేవి ఏమైపోయినట్టు? కాసుకో తెల్లమచ్చ తప్ప అమ్మవారి ముఖం ఒక్కదాంట్లోనూ లేదే!

అమ్మాయి తెలివైనదే, కాదనను. చిలకలపూడి నుంచి సరుకు తెచ్చుకుంటుంది. భోజనాల బల్ల మీద పరిచి ఫోటోలు తీస్తుంది. వాట్సాప్‌లో పెడితే హైదరాబాదు నుంచీ అడుగుతారు, డల్లాస్ నుంచీ అడుగుతారు. వ్యాపారంతో నాకు పేచీ లేదు, ఫోటోలతోనే నా పేచీ. ఆ చప్పుడు వింటే ఒళ్ళు మండుతుంది. టకటకా టకటకా లెక్కాపత్రం లేకుండా నొక్కుతుంది. తర్వాత సోఫాలో కూర్చుని ఏరుతుంది. ఏరినదాన్ని వేలితో రుద్ది రంగు పెంచుతుంది, వెలుగు పెంచుతుంది, వెనకున్న అన్నం గిన్నె చెరుపుతుంది. మేము బటను నొక్కే ముందు పడిన పాట్లన్నీ వీళ్ళు నొక్కాక పడుతున్నారు. నా ఏడుపంతా అదే.

మా రోజుల్లో రీలుకు పన్నెండే బొమ్మలు. 120 ఫిల్ము, యాషికా మాట్ కెమెరా. దానికి ఒకదాని కింద ఒకటి రెండు కళ్ళు. పై కంటితో మనం చూస్తాం, కింది కంటితో అది తీస్తుంది. పెళ్ళికూతుర్ని నిలబెట్టి తీస్తే ఆ తేడా తెలియదు. ముక్కుపుడకను దగ్గర్నుంచి తీస్తే అప్పుడు తెలుస్తుంది. పైన గాజు మీద నడిమధ్యన ఉన్న పుడక ఫిల్ము మీద సగం తెగి వచ్చేది. అందుకని ఫోకసు చేశాక, ఆ రెండు కళ్ళ మధ్య ఎంత ఎడముందో సరిగ్గా అంత కెమెరాను స్టాండు మీద పైకి లేపి, అప్పుడు నొక్కాలి. గాజు మీద బొమ్మ కూడా కుడి ఎడమలు తారుమారుగా కనిపిస్తుంది. హారాన్ని కాస్త కుడికి జరపాలని చెయ్యి పెడితే అది ఎడమకు పోతుంది. పైగా ఆ కెమెరా మూడడుగులకు మించి దగ్గరికి రాదు. రావాలంటే రెండు కళ్ళకూ క్లోజప్ లెన్సులు తగిలించి, టేపు పెట్టి దూరం కొలుచుకోవాలి. ఇన్ని తిప్పలు పడేవాడు ఊరికే నొక్కుతాడా? పన్నెండు నగలకు పన్నెండు బొమ్మలు. అందులో ఒకటి పాడైతే షావుకారు డబ్బు కోసేవాడు.

తర్వాత 35 ఎంఎం కెమెరా, దానికి తిత్తి వచ్చాయి. లెన్సుకూ కెమెరాకూ మధ్య ఈ తిత్తిని సాగదీస్తే కమ్మ ఫిల్ము నిండా వస్తుంది. కాని తిత్తి సాగేకొద్దీ లోపలికొచ్చే వెలుగు పలచబడుతుంది. నగ ఎంతుందో ఫిల్ము మీద బొమ్మా అంతే రావాలంటే నాలుగింతల ఎక్స్‌పోజరు ఇవ్వాలి. ఆ లెక్క తెలియనివాడు తీసిన నెగటివు పలచగా, గాజుపలకలా వచ్చేది. ఇప్పుడు మా అమ్మాయికి ఆ లెక్క అక్కర్లేదు, ఫోనే వేసుకుంటుంది. సంతోషం. లెక్క తప్పిన బాధ తీరింది కదా, మరి ఆ మిగిలిన బుర్రను దీపం ఎక్కడ పెట్టాలా అన్నదాని మీద పెట్టొచ్చుగా?

నలుపు తెలుపు కాలంలో ఇంకో నరకం. కెంపు, పచ్చ రెండూ ఒకే బూడిదరంగులో దిగేవి. ఎరుపును చూడలేని పాత రకం ఆర్థోక్రొమాటిక్ ఫిల్ము అయితే కెంపులు నల్లపూసలే అయిపోయేవి. పాన్‌క్రొమాటిక్ ఫిల్ము వేసి, పసుపుపచ్చ ఫిల్టరు తగిలిస్తే బంగారం కాస్త తెల్లబడి కళగా వచ్చేది. ఎరుపు ఫిల్టరు పెడితే కెంపు వెలిగేది, పచ్చ చచ్చేది. ఏది కావాలో ముందే తేల్చుకోవాలి. అప్పటికీ సరిపోదనుకుంటే బ్రోమైడు కాగితం మీద సన్న కుంచెతో రంగులు అద్దడమే. కెంపుకో చుక్క, పచ్చకో చుక్క. ఒక పాపిడిబిళ్ళకు అద్దడానికి పూట పట్టేది. ఇప్పుడు కోట్ల రంగులు చూపించే ఫోను చేతిలో పెట్టుకుని, ఉన్న రంగును ఉన్నట్టు చూపించలేక చస్తున్నారు.

ఎందుకు చూపించలేకపోతున్నారో చెబుతాను, ఎవరూ వినకపోయినా.

మెరుగుపెట్టిన బంగారానికి సొంత ముఖం ఉండదు. ఎదురుగా ఏముంటే దాన్నే చూపిస్తుంది. మొన్న వడ్డాణం ఫోటో తీస్తూ మా అమ్మాయి చిలకపచ్చ నైటీలో ఉంది. వడ్డాణం మధ్యన బిళ్ళలో చిలకపచ్చ గీత పడింది, దాని పక్కనే నల్లగా ఫోను, ఫోను పట్టుకున్న రెండు వేళ్ళు, పైన తిరుగుతున్న ఫ్యాను. "రాయి పొదిగారా ఆంటీ అక్కడ?" అని ఎవరో అడిగారట. మేము నగల ఫోటోకు కూర్చుంటే బూడిదరంగు చొక్కా వేసుకునేవాళ్ళం. కెమెరాకు ముందు నల్ల కాగితం కట్టి, దాని మధ్య లెన్సు పట్టేంత కంత చేసేవాళ్ళం. స్టాండు కాలికి ఉన్న తళుకు మీద కూడా గుడ్డ చుట్టేవాళ్ళం. నగకు ఎదురుగా ఏ రంగు వస్తువున్నా గది బయటికి పోవాల్సిందే. షావుకారు ఎర్ర చొక్కాతో వస్తే ఆయన్నీ బయటే కూర్చోబెట్టేవాణ్ణి.

నీళ్ళ మీదా గాజు మీదా తళుకును తగ్గించే పోలరైజరు అని ఒక ఫిల్టరుంది. దాన్ని కొని తగిలిస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. లోహం మీద తళుకు దానికి లొంగదు. బంగారానికి తళుకు తియ్యకూడదు కూడా. తళుకు పోతే అది బంగారం కాదు, పసుపు పూసిన రేకు. చెయ్యాల్సింది ఆ తళుకుకు మనం ఇష్టపడే వస్తువును ఎదురుపెట్టడం. తెల్లగా, పెద్దగా, మెత్తటి వెలుగు పరుచుకున్నదేదైనా సరే.

దానికి మా దగ్గర ఉన్న పరికరం పంచె. పాత గ్లాస్కో పంచె, నాలుగు ఉతుకులు ఉతికి నీలిమందు పెట్టనిది. నీలిమందు పెడితే నగ మీద నీలం పడుతుంది. ఉత్తరపు కిటికీకి ఆ పంచె కట్టి, కిటికీ పక్కనే బల్ల వేసి, అవతలి పక్క తెల్ల అట్టో థర్మోకోల్ ముక్కో నిలబెడితే బంగారం మీద వెలుగు ఒక చివర్నుంచి ఇంకో చివరికి జారుతూ పోతుంది. కాని అంతా తెలుపే అయితే నగ అంచు నేపథ్యంలో కలిసిపోతుంది. అప్పుడు నల్ల కాగితాన్ని సన్నగా కత్తిరించి, బొమ్మలో పడకుండా పక్కన నిలబెట్టాలి. ఆ నలుపు నగ అంచున ఒక గీతగా పడి ఆకారాన్ని పట్టిస్తుంది. ఫోటో తియ్యడమంటే నాకు తెలిసి సగం పని ఈ నల్ల ముక్కను అరంగుళం అటూ ఇటూ జరపడమే. షావుకార్లు విసుక్కునేవారు. "ఏమయ్యా, ఫోటో తీస్తావా, కాగితాలు ఆడతావా?" అని.

ఎండ ముఖాన పడితే ఏం లాభం? మిట్టమధ్యాహ్నం ఎండ ఒక్క చుక్కలోంచి దిగుతుంది. గుండ్రటి ప్రతి పూస మీదా తెల్లటి పోటు, దాని కింద నల్లటి నీడ. మబ్బు పట్టిన రోజున ఆకాశమంతా పంచెలాగే పని చేస్తుంది. తుపాను హెచ్చరిక వచ్చిన రోజున బందరంతా గుమ్మాలు వేసుకుంటే, నేను నగలు తెమ్మని కబురు పెట్టేవాణ్ణి.

ఇప్పుడు మా ఇంట్లోకి రింగు లైటు వచ్చింది. గుండ్రంగా, మధ్యన ఫోను పెట్టుకునే కంతతో. ముఖాలకు తయారుచేసిన వస్తువు అది, కంటిపాపలో గుండ్రటి మెరుపు పడితే బాగుంటుందని. దాన్ని తెచ్చి నగకు పెట్టారు. గుత్తపూసల హారంలో ఎన్ని ముత్యాలున్నాయో అన్ని సున్నాలు! నున్నటి ముత్యం మీద ఒక మెత్తటి వెలుగు ఒక పక్కనుంచి పడాలి. అప్పుడు దాని గుండ్రదనం, లోపలి పాలవన్నె తెలుస్తాయి. నలుపక్కలనుంచీ ఎదురుగా కొట్టే దీపం పెట్టాక గుండ్రదనం ఎక్కణ్ణుంచి వస్తుంది? నక్షీ పని అయితే మరీ ఘోరం. నెమలి ఈకల మీద కంసాలి ఉలితో పొడిచిన గీతలన్నీ పక్కనుంచి జారే వెలుగుకే లేస్తాయి. ఎదురు వెలుగులో ఆ నెమలి ఇస్త్రీ చేసినట్టు ఉంటుంది.

అన్నిటికీ పంచె మంత్రమూ పనికిరాదు. రవ్వలు వేరు. రవ్వకు వెలుగును వంచే గుణం చాలా ఎక్కువ, దాని వక్రీభవన గుణకం 2.42. లోపలికి వెళ్ళిన వెలుగును విరిచి రంగురంగులుగా బయటికి విసురుతుంది. మెత్తటి వెలుగు చుట్టూ పరిచామంటే ఏడురాళ్ళ దుద్దు కూడా పటికబెల్లం ముక్కల్లా కూర్చుంటుంది. దానికి చిన్నది, పదునైనది ఒక దీపం కావాలి. పంచె వెనక పెద్ద వెలుగు అలాగే ఉంచి, పక్కనుంచి పెన్ను టార్చి ఒకటి చూపిస్తే రవ్వ లేచి కూర్చుంటుంది. నగల దుకాణాల్లో పైకప్పునిండా బుల్లి బుల్లి దీపాలు ఎందుకు పెడతారనుకున్నారు? మీరు ఇంటికొచ్చి ట్యూబులైటు కింద చూసుకుంటే రవ్వ ఎందుకు డీలాపడుతుందనుకున్నారు?

ట్యూబులైటు అంటే గుర్తొచ్చింది. కిటికీలోంచి పగటి వెలుగు, పైన ట్యూబులైటు, వంటింట్లోంచి పసుపు బల్బు, మూడూ వెలుగుతుండగా మా అమ్మాయి ఫోటో తీస్తుంది. నగ ఒక పక్క నీలం, ఒక పక్క పచ్చ, ఒక పక్క నారింజ. ఫోను ఏ వెలుగును తెలుపనుకోవాలి? మా రోజుల్లో ఫిల్ముకు ఈ గొడవ ముందే తెలిసేది. రంగు ఫిల్ము 5500 కెల్విన్ పగటి వెలుగుకు తయారై వచ్చేది. 3400 కెల్విన్ ఫోటోఫ్లడ్డు బల్బు కింద అదే ఫిల్ము వాడాలంటే 80బి నీలం ఫిల్టరు పెట్టాలి. పెట్టకపోతే బొమ్మంతా కామెర్లు. అందుకని ఒక దీపం వెలిగిస్తే తక్కినవి ఆర్పేవాళ్ళం. ఇప్పుడు స్విచ్చి ఆర్పడం కూడా బరువే. ఆర్పమంటే "మామయ్యగారూ, వెలుగు తగ్గిపోతుంది కదండీ" అంటుంది. తగ్గనీ తల్లీ, ఫోను కదలకుండా ఉంటే తక్కువ వెలుగు చాలు.

ఇంతకీ కాసులపేరులో అమ్మవారు ఎందుకు మాయమైందంటే, అదీ చెబుతాను. కెమెరాలో మీటరుకు లోకమంతా 18 శాతం బూడిదరంగే. నల్ల మఖమలు గుడ్డ మీద కాసులపేరు పెట్టి ఫోను ఎత్తితే, అంతా చీకటిగా ఉందే అనుకుని అది వెలుగు పెంచేస్తుంది. మఖమలు బూడిదగా మారుతుంది, కాసులు తెల్లగా మాడిపోతాయి. అలా మాడిన తెలుపులో ఏమీ మిగలదు, తర్వాత ఎంత రుద్దినా అమ్మవారు తిరిగి రాదు. తెల్ల కాగితం మీద పెడితే ఇదే గొడవ తిరగబడి నగ నల్లబడుతుంది. చెయ్యాల్సిందల్లా తెర మీద నగ దగ్గర వేలు ఆనించి కాసేపు పట్టుకోవడమే, ఫోకసు, వెలుగు అక్కడ ఆగిపోతాయి. అప్పుడు పక్కనున్న చిన్న సూర్యుడి బొమ్మను కిందికి లాగి, కాసు మీద గీతలు కనిపించేదాకా తగ్గించాలి. ఇది నాకు మనవడు చూపించాడు. చూసి చెప్పాను కదా, మా లైటుమీటరు పనే ఇది, బొమ్మ మారిందంతే అని.

రంగు సంగతీ అంతే. బంగారం నిండా ఉన్న బొమ్మను చూసి ఫోను, వెలుగే పచ్చగా ఉందనుకుని పచ్చదనం తగ్గించేస్తుంది. నగ ఇత్తడిలా తేలిపోతుంది. అప్పుడు అమ్మాయి రంగు పెంచుతుంది. అది నారింజ అవుతుంది. ఇంటికి వెళ్ళిన నగ చూసి కొన్నవాళ్ళు "ఫోటోలో ఒకటి, డబ్బాలో ఒకటి" అని తిప్పి పంపుతారు. పోను రాను కొరియరు ఖర్చు మా నెత్తినే. పక్కన తెల్ల కాగితం ముక్క ఒకటి పెట్టి ఒక బొమ్మ తీసుకుని, తర్వాత ఆ ముక్క తెల్లగా వచ్చేదాకా సరిచేసుకుంటే ఆ ఖర్చు లేదు. నగను గులాబీరంగు కాగితంలో పెట్టి తియ్యకుండా ఉంటే ఇంకా మంచిది. షాపువాళ్ళు ఆ కాగితంలో చుట్టి ఇచ్చేది ఊరికే కాదు. ఆ రంగు బంగారం మీద పడితే నగకు కొత్తపెళ్ళికూతురి కళ వస్తుంది. అమ్మకానికి అది బాగానే ఉంటుంది, ఫోటోకు మాత్రం అబద్ధం.

ఇక దగ్గరితనం. క్లోజప్ అంటే ఫోను తీసుకెళ్ళి నగ మీద ఆనించడం అనుకుంటున్నారు. 2021లో వచ్చిన ఐఫోన్ 13 ప్రోలో రెండు సెంటీమీటర్ల దాకా దగ్గరికి వెళ్ళే ఏర్పాటుంది. అలా వెళ్ళినప్పుడు అది దానంతటదే వెడల్పాటి లెన్సుకు మారిపోతుంది. ముందున్న రాయి గుమ్మడికాయంత, వెనకున్న రాయి ఆవగింజంత. మధ్యలో ఫోను నీడ. చవక ఫోన్లలో మాక్రో అని విడిగా ఒక కన్ను పెడతారు, చాలావాటిలో అది రెండు మెగాపిక్సెళ్ళదే, లెక్క కోసం పెట్టింది. దానికంటే ఫోనులోని పెద్ద కెమెరాతోనే జానెడు వెనక్కి వచ్చి, రెండింతలు జూము పెట్టి, తర్వాత చుట్టూ కత్తిరించుకోవడం నయం. నీడ పడదు, కొలతలు వంకర పోవు. ముందు ఆ లెన్సును మెత్తటి గుడ్డతో తుడవమ్మా. పొద్దున్న కొబ్బరినూనె, మధ్యాహ్నం ఆవకాయ, సాయంత్రం పిల్లాడి బిస్కట్టు, అన్నీ దాని మీదే ఉన్నాయి. బొమ్మ మసగ్గా వస్తే కొత్త ఫోను కొనాలంటుంది!

ఒక్క విషయంలో మాత్రం ఈ ఫోను ముందు మా కెమెరాలు దిగదుడుపే. దగ్గర్నుంచి తీసేటప్పుడు బుట్ట ముందు వరస స్పష్టంగా ఉంటే వెనక వరస మసకేసేది. ఆ మసక తగ్గించడానికి మేము అపెర్చరును ఎఫ్22కు మూసేవాళ్ళం. వెలుగు చాలదు, షట్టరు సెకన్ల కొద్దీ తెరిచి ఉంచాలి. ఫ్యాను ఆపాలి, ఊపిరి బిగబట్టాలి. అంతలో వీధిలో బస్సు పోతే బొమ్మ కదిలిపోయేది. ఫోనులో వెలుగు పట్టే ముక్క బుల్లిది కాబట్టి ముందూ వెనకా చాలావరకు దానంతటదే స్పష్టంగా దిగుతుంది. ఇంత వరం ఇచ్చి, దాని మీద మళ్ళీ పోర్ట్రెయిట్ మోడ్ అని ఒకటి పెట్టి, కావాలని మసక పూసుకుంటున్నారు! ఆ మసక నాంతాడు సన్న గొలుసును సగం మింగేస్తుంది. నల్లపూసల్లో పూస ఉంటే తీగ ఉండదు, తీగ ఉంటే పూస ఉండదు. మంగళసూత్రాన్ని తెంచి చూపించే ఫోటో ఎవరు కొంటారు?

స్టాండు లేకపోతే పుస్తకాల దొంతర చాలు. హారాన్ని పడుకోబెట్టి తీస్తే ఫోను దానికి సమాంతరంగా ఉండాలి, అప్పుడే మొదటి పూస నుంచి చివరి పూస దాకా ఒకే స్పష్టత. చేత్తో నొక్కితే కదులుతుంది కాబట్టి రెండు సెకన్ల టైమరు పెట్టుకోవాలి. ఉంగరం నిలబడకపోతే అడుగున చిటికెడు తేనెమైనం. జూకాలు అగరుబత్తి పుల్లకు దారంతో వేలాడదీసి, ఊగడం ఆగేదాకా ఓపిక పట్టాలి. ఆ ఓపికే ఈ ఇంట్లో కరువు.

శుభ్రం సంగతి మా ఆవిడకు తెలిసినంత నాకు తెలియదు. అసలు బంగారమైతే గోరువెచ్చటి కుంకుడు రసంలో నానబెట్టి మెత్తటి కుచ్చుతో రుద్దుతుంది. కుందనం పనికి, ముత్యాలకు ఆ రసం తగలనివ్వదు. రాయి వెనకున్న రేకులోకి తడి పోతే రాయి నల్లబడిపోతుంది. రోల్డుగోల్డుకు పొడిగుడ్డే, అదీ సుతారంగా. క్లోజప్‌లో ఏదీ దాగదు. కంటికి కనబడని నూలుపోగు బొమ్మలో మోకుతాడంత ఉంటుంది. నక్షీ సందుల్లో పాతపెళ్ళినాటి గంధం, కుంకుమ కనిపిస్తాయి. వేలిముద్ర అయితే పోలీసువాళ్ళకు పనికొచ్చేంత బాగా దిగుతుంది. మేము తుడిచాక మళ్ళీ చేత్తో ముట్టేవాళ్ళం కాదు, గుడ్డతోనే పట్టుకుని సర్దేవాళ్ళం. ఇప్పుడు తుడవరు, తర్వాత తెర మీద చెరుపుతారు. ధూళి మచ్చతో పాటు పక్కనున్న రాయీ పోతుంది.

నగ ఎంతుందో తెలియాలని మేము పక్కన రూపాయి బిళ్ళ పెట్టేవాళ్ళం. ఇప్పుడదీ కుదరదు. 1975లో వచ్చిన రూపాయి 28 మిల్లీమీటర్ల వెడల్పు, చేతిలో బరువుగా ఉండేది. 2011 నుంచి వస్తున్నది 22 కూడా నిండదు. రూపాయి విలువే కాదు, ఒళ్ళూ తగ్గింది. పాత రూపాయి అనుకుని చూసినవాడికి కొత్త రూపాయి పక్కనున్న జూకా ఎంత పెద్దదిగా కనిపిస్తుందో ఆలోచించండి. స్కేలు పెట్టమంటే "అందం చెడుతుందండీ" అంటుంది అమ్మాయి. మొన్న ఒకావిడ గుమ్మడిగింజంత బుట్టలు చూసి, చంటిదానికి పంపారా అని అడిగింది. అందం అక్కడ చెడింది.

మా అమ్మ కాలంలో అసలు ఇంట్లో బంగారానికి ఫోటో అంటేనే దిష్టి అనేవారు. ఏ నగ ఎన్ని కాసులో, ఎవరు చేశారో, ఏ రాయి మార్చారో ఆవిడకు నోటికొచ్చు. ఇప్పుడు నోటికి రాదు కాబట్టి లాకరులో పెట్టేముందు ఫోటో తీసుకోవడం మంచిదే, ఇది మాత్రం నేనే చెప్పాను. ముందుపక్క ఒకటి, వెనకపక్క ఒకటి, కొక్కెం ఒకటి. కొత్త నగ అయితే హాల్‌మార్కు ముద్ర దగ్గర ఒకటి. 2023 ఏప్రిల్ 1 నుంచి దుకాణాల్లో అమ్మే హాల్‌మార్కు నగ మీద ఆరు అక్షరాల గుర్తింపు కోడ్, హెచ్‌యూఐడీ, ఉండాలి. 22 క్యారెట్లయితే 916 అని కూడా ఉంటుంది. ఆ అక్షరాలు లేజరుతో సన్నగా గీసినవి, ఎదురు వెలుగుకు చిక్కవు. పక్కనుంచి వెలుగును వాలుగా జారిస్తే చదవొచ్చు. చదివి బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూసుకోవచ్చు. తీసినవాటిని దాచుకోక, ఫంక్షనుకు వేసుకుంటున్నానని బంధువుల గ్రూపులో పెట్టేవాళ్ళున్నారు చూడండి, వాళ్ళను ఏమనాలో నాకు తెలియదు. మా రోజుల్లో బంగారం ఇంట్లో ఉందని పక్కింటికి కూడా తెలియనిచ్చేవాళ్ళం కాదు.

ఇంతా పోట్లాడి, కిటికీకి పంచె కట్టి, ట్యూబులైటు ఆర్పి, నల్ల కాగితం పెట్టి, ఒక చంద్రహారం నేనే తీయించాను. చూసి అందరూ బాగుందన్నారు. ఒక్కరూ కొనలేదు. రింగు లైటు కింద సున్నాలు సున్నాలుగా తీసిన కంటె మాత్రం సాయంత్రానికి అమ్ముడైపోయింది. ఎందుకమ్మా అని అడిగితే, "మెరుస్తోంది కదండీ" అంది. దానికి నా దగ్గర సమాధానం ఉంది గాని, వినేవాళ్ళు లేరు.

ఇప్పుడు ఫోటోలు కూడా కాదట, వీడియో కాల్ కావాలట. "అలా తిప్పండి, ఇలా ఊపండి" అని అవతలినుంచి ఆర్డర్లు. ఊపితే రాళ్ళు తళుక్కుమంటాయి. ఆ తళుకు నిలిచున్న బొమ్మలో మేము ఏ రోజూ చూపించలేకపోయాం, నిజమే. కాని ఊపేటప్పుడు వెలుగు తగినచోట ఉండాలి కదా. ఆ సంగతి అమ్మాయికి ఈమధ్యే తెలిసొచ్చింది. అందుకని నన్ను పక్కన నిలబెట్టి, చేతికి థర్మోకోల్ ముక్క ఇచ్చి, "మామయ్యగారూ, కాస్త పైకి, కాస్త ఎడమకి" అంటోంది. స్టూడియోలో ఆ ముక్క పట్టుకోవడానికి నాకో కుర్రాడుండేవాడు, వాడికి జీతమిచ్చేవాణ్ణి. మరి నా జీతం సంగతేమిటని అడిగితే టీ పెట్టిచ్చింది. అందులో చక్కెర లేదు.